లేడీస్ క్లబ్బు వారి డోనట్ల పోటీ

ఆఫీసర్ల కాలనీ లేడీస్ క్లబ్బు 1974 జనవరి సమావేశంలో దేశ పురోగతిని దృష్టిలో పెట్టుకుని ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. నూనెలో వేయించిన పదార్థాలు స్త్రీజాతిని పొయ్యికి కట్టిపడేస్తున్నాయి కనుక, సభ్యులందరూ ఇకమీదట గారెలను బహిష్కరించి, ఇంట్లో ఓవెనులో కాల్చిన డోనట్లను మాత్రమే భుజించవలెను. డోనట్టంటే ఏమిటని ఒక సభ్యురాలు అడిగింది. మధ్యలో చిల్లున్న తియ్యటి బన్ను అని ప్రెసిడెంటు వివరించారు. అయితే గారేగా అని ఆ సభ్యురాలు అన్న మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కలేదు.

ఫిబ్రవరి చివర్లో డోనట్ల పోటీ పెట్టాలని, తీర్పు చెప్పడానికి హైదరాబాదు నుంచి కంపెనీ డైరెక్టరుగారి భార్యను పిలవాలని కూడా నిర్ణయించారు. నిబంధన ఒక్కటే: సొంత చెయ్యి, సొంత ఓవెను. గోదావరిఖనిలో ఓవెన్లున్న ఇళ్ళు అయిదే కాబట్టి పోటీదారులూ అయిదుగురే. క్లబ్బులో ఎవరికీ సొంత పేరుండదు, భర్త హోదాయే పేరు. ప్రెసిడెంటు చీఫ్ ఇంజనీరమ్మ. తక్కినవాళ్ళు డాక్టరమ్మ, ఎస్టేటమ్మ, స్టోర్సమ్మ, సర్వేయమ్మ.

ఈ చారిత్రక సమావేశానికి టీ పోసింది సువార్త. ఆమె భర్త యిర్మియా బొగ్గుగని టైమాఫీసులో హాజరు రాసే గుమాస్తా. గుమాస్తాల భార్యలకు క్లబ్బులో సభ్యత్వం లేదు కానీ టీ పోసే అవకాశం ఉంది. దానికి అతిథి సత్కార ఉపసంఘం అని పేరు పెట్టారు. ఉపసంఘంలో సువార్త ఒక్కతే.

మర్నాడు చీఫ్ ఇంజనీరమ్మ సువార్తను పెరటి గుమ్మంలోంచి పిలిపించారు. ఆవిడ ఓవెను పుట్టింటివాళ్ళు పెట్టింది. గుండ్రటి అల్యూమినియంది, మూతకు గాజు కన్నం కూడా ఉంది. ఆ కన్నంలోంచి చూస్తే లోపల నిలవ చేసిన గుమ్మడి వడియాలు కనిపించేవి. చిన్నప్పుడు క్రైస్తవ మిషను దవాఖాన వంటింట్లో పెరిగిన సువార్తకు తెల్ల నర్సమ్మ రొట్టెలు కాల్చడం నేర్పిందని ఆవిడ ఎవరి ద్వారానో విన్నారు.

"నాకు మణికట్టు నొప్పి సువార్తా. ఒక డజను నువ్వు చేసిపెట్టు. మూడో మనిషికి తెలియకూడదు. మీ క్వార్టరు సంగతి మావారి చెవిలో వేస్తాను" అన్నారు.

క్వార్టరు అనే మాట వినగానే సువార్త ఇంకేమీ ఆలోచించలేదు. కంపెనీ ఇంటి కోసం యిర్మియా దరఖాస్తు పెట్టి నాలుగేళ్ళయింది. వాళ్ళుండేది బస్తీలో ఒక రేకుల గది. వాన పడితే గిన్నెలు చోటు మారతాయి, మంచం చోటు మారుతుంది, ఇద్దరు ఆడపిల్లలూ నిద్రలోనే లేచి గోడవారకు జరుగుతారు. చేస్తానని మాటిచ్చి వచ్చింది.

వారం తిరిగేలోగా డాక్టరమ్మ కబురు పంపారు. ఆవిడ ఓవెనుకు ఫ్యూజు పోయింది. ఎస్టేటమ్మకు కళ్ళు తిరుగుతున్నాయి. స్టోర్సమ్మ ఆడపడుచు వచ్చింది. సర్వేయమ్మ మాత్రం నిజాయితీగా, తనకు చేతకాదని చెప్పి, ఆ సంగతి చస్తే బయటపెట్టనని ఒట్టు వేయించుకున్నారు. అయిదుగురూ డజను చొప్పునే అడిగారు. అయిదుగురూ క్వార్టరే ఇప్పిస్తామన్నారు.

ఎవరికీ చెప్పనని మాటిచ్చింది కనుక సువార్త భర్తకు కూడా చెప్పలేదు. పక్కింటి మల్లక్కకు చెప్పక తప్పలేదు, ఎందుకంటే కల్లు ఆమె ఇంటి నుంచే రావాలి. పిండి పొంగడానికి పెద్ద ఊళ్ళలో ఈస్టు అనే పదార్థం వాడతారట. మిషను దవాఖాన వంటింట్లో దాని బదులు ఈతకల్లు వాడేవాళ్ళు. మల్లక్క భర్త కొమురెల్లి మొదటి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు రోజూ ఒక సీసా తెస్తాడు. మొన్ననే లేడీస్ క్లబ్బు కార్మికుల వాడలో మద్యపాన వ్యతిరేక ఊరేగింపు తీసింది. ముందు వరుసలో బ్యానరు ఒక కొస పట్టుకున్నది సువార్తే. పోటీ ముందురోజు సాయంత్రం మల్లక్క ఇంట్లో ఆ సంగతి గుర్తొచ్చి సువార్త కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంది. తర్వాత మైదాలో గ్లాసున్నర కల్లు పోసింది.

"చేసుడు నీది, పేరు ఆళ్లది. గిదెక్కడి ముచ్చటనే?" అంది మల్లక్క.

"అయిదుగురు మాటిచ్చిన్రు అక్కా. ఒక్కరన్న నిలబెట్టుకోరా?" అంది సువార్త.

పోటీ రోజు పొద్దున్నే యిర్మియా డ్యూటీకి వెళ్ళగానే పని మొదలుపెట్టింది. వెడల్పాటి గిన్నెలో అడుగున ఇసుక, పైన ఇనుప మూత, మూత మీదా గిన్నె కిందా పొగ పోయేదాకా మండించిన బొగ్గులు. అదే ఆమె ఓవెను. పాలపొడి డబ్బా మూతతో గుండ్రాలు కోసింది. చిల్లుకి యిర్మియా సిరాబుడ్డి మూతను వేడినీళ్ళలో ఉడకబెట్టి వాడింది. రెండు వేళ్ళు కాలాయి. మధ్యాహ్నానికి అరవై డోనట్లు, పైన బెల్లం పాకం మెరుస్తూ తయారయ్యాయి. అయిదు పెరటి గుమ్మాల నుంచి అయిదుగురు పనివాళ్ళు ఒకరికొకరు ఎదురుపడకుండా వచ్చి పట్టుకుపోయారు.

సాయంత్రం నాలుగింటికి క్లబ్బు హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద అయిదు పళ్ళేలు కొలువుదీరాయి. డైరెక్టరుగారి భార్య మొదటి డోనట్టు కొరికి, విరిచి లోపల చూశారు. తర్వాత, ఈ పొంగు మామూలు పొంగు కాదే అన్నారు. బొంబాయి నుంచి తెప్పించిన విదేశీ ఈస్టు అని చీఫ్ ఇంజనీరమ్మ చెప్పారు. ఎనిమిది వందల డిగ్రీల్లో మూడు గంటలు కాల్చానని డాక్టరమ్మ చెప్పారు. అంత వేడిలో డోనట్టే కాదు, ఓవెను కూడా మిగలదని ఎవరికీ తోచలేదు.

అయిదో పళ్ళెం దగ్గర డైరెక్టరుగారి భార్య ఆగిపోయారు. ప్రతి పళ్ళెంలోంచీ ఒక డోనట్టు తీసి వరసగా పెట్టారు. సిరాబుడ్డి మూత అంచు ఒకచోట విరిగి ఉంది. అందువల్ల అన్ని చిల్లులకూ ఒకే వైపు ఒకే నొక్కు పడింది.

"అయిదిళ్ళలోనూ ఒకే పిచ్చుక పొడిచినట్టుందే" అన్నారు ఆవిడ.

"మా క్లబ్బులో ఐకమత్యం ఎక్కువండి" అన్నారు ప్రెసిడెంటు.

డైరెక్టరుగారి భార్య తల ఊపి, సరే, గెస్ట్‌హౌసు నుంచి ఓవెను తెప్పించండి, గెలిచినావిడ ఇక్కడే మరో నాలుగు కాల్చి చూపిస్తే అందరం నేర్చుకుంటాం అన్నారు. ముందుగా చీఫ్ ఇంజనీరమ్మ లేచి, తన డోనట్లు కాస్త గట్టిపడ్డాయని, డాక్టరమ్మవే మెత్తగా ఉన్నాయని ఒప్పుకున్నారు. డాక్టరమ్మ ఆ గౌరవం ఎస్టేటమ్మకే దక్కాలన్నారు. ఎస్టేటమ్మ స్టోర్సమ్మను, స్టోర్సమ్మ సర్వేయమ్మను, సర్వేయమ్మ తిరిగి ప్రెసిడెంటుగారిని పొగిడారు. అంతటి వినయం క్లబ్బు పుట్టాక ఎవరూ చూడలేదు.

చివరికి డైరెక్టరుగారి భార్య చూపు టీ కెటిలు పట్టుకుని నిలబడ్డ సువార్త మీద, ఆమె కాలిన వేళ్ళ మీద పడింది. "నువ్వు చెప్పమ్మా, ఎవరివి బాగున్నాయి?" అని అడిగారు.

అయిదు జతల కళ్ళు సువార్తను బతిమాలాయి. ఆమెకు రేకుల గది కళ్ళముందు మెదిలింది. అబద్ధం చెప్పడం అలవాటు లేదు. నిజం చెబితే నాలుగేళ్ళ దరఖాస్తు ఇంకో నలభై ఏళ్ళు పడుకుంటుంది.

"అన్ని ఒక్క తీరుగనె ఉన్నయమ్మా" అంది.

అయిదుగురూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. ఓవెను మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బహుమతి కప్పును క్లబ్బు మొత్తానికి ప్రకటించి, డైరెక్టరుగారి భార్య స్వయంకృషి గురించి అరగంట ప్రసంగించారు. తన చెమటతో చేసినదే తియ్యన అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కెటిలు కింద పెట్టి సువార్త కూడా కొట్టింది.

హాలు వెనుక నల్లా దగ్గర కప్పులు కడుగుతుంటే డైరెక్టరుగారి భార్య ఒంటరిగా అక్కడికి వచ్చారు.

"నువ్వే కదూ చేసింది?"

ఈ పెద్దావిడకు అంతా తెలుసు, వెనక్కి తీసుకుపోయి వేదిక మీద తన పేరు చెబుతుందేమో అని సువార్తకు ఒక్క క్షణం ఆశ కలిగింది. అవునని తల ఊపింది.

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "వచ్చే నెల హైదరాబాదులో మా క్లబ్బు పోటీ ఉంది. నాలుగు డజన్లు చేసి పంపగలవా? మూడో మనిషికి తెలియకుండా."

సువార్త చేతిలోని కప్పును నిదానంగా కడిగి బోర్లించింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"చేస్తనమ్మా. గాని ముందుగాల క్వార్టరు తాళంచెవి నా చేతికి రావాలె. అటెన్కనే పిండి తడుపుత."

ఎనిమిదో రోజున క్వార్టరు ఉత్తర్వు వచ్చింది. అయిదుగురిలో ఎవరూ సిఫారసు చేసినట్టు అందులో లేదు. టైమాఫీసు గుమాస్తా శ్రీ యిర్మియా విశిష్ట సేవలను గుర్తించి రెండు గదుల క్వార్టరు కేటాయించడమైనది అని మాత్రం ఉంది. యిర్మియా దాన్ని మూడుసార్లు చదువుకుని, కళ్ళు తుడుచుకుని, ఆఫీసంతటికీ చూపించాడు.

ఇల్లు మారిన సాయంత్రం మల్లక్క, కొమురెల్లి చూడ్డానికి వచ్చారు. యిర్మియా కొత్త వరండాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఎవల కాళ్లు పట్టకుంట పని చేస్కుంట పోవాలె కొమురెల్లన్నా. కంపెనీయే గుర్తు పట్టి ఇస్తది. మా సువార్తకు గూడ గదే చెప్తున్న, జర నన్ను చూసి నేర్చుకొమ్మని" అన్నాడు.

మల్లక్క లోపలికి చూసింది. కొత్త వంటింట్లో సువార్త మోచేతుల దాకా మైదాలో ఉంది.

"నేర్చుకుంటున్న. జర ఆ బొగ్గులు ఇటు తెచ్చి పెట్టు" అంది సువార్త.

విశిష్ట సేవకుడు లేచి వెళ్ళి తట్టెడు బొగ్గులు తెచ్చి పెట్టాడు.