మొదటి ముద్దతోనే

"తిన్నది అరగక ఏడ్చే బిడ్డ ఇక ఈ రాజ్యంలో ఉండదు" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించేశారు. అరుగుదల గురించి ఆయన మాట్లాడితే ఎవరైనా చెవి ఒగ్గి వినాల్సిందే. రోడ్లశాఖ చూసినప్పుడు ఒక వంతెన మొత్తం తిని, విచారణ సంఘాన్ని కూడా నంజుకుని, గుక్కెడు మంచినీళ్ళైనా తాగకుండా అరిగించుకున్న మనిషి. ఆ అనుభవం ఊరికే పోతుందా.

బస్సు డిపోలో టికెట్లు కొట్టే ఓ తల్లి టీవీలో ఆ మాట విని మురిసిపోయింది, పాపం. ఆమె కూతురికి సిస్టిక్ ఫైబ్రోసిస్. ఒంట్లో జిగురు చిక్కబడి, అరుగుదల రసాలు పేగుల్లోకి వెళ్ళే దారి మూసేస్తుంది. అందుకని తిన్నప్పుడల్లా, మొదటి ముద్దతోనే ఎంజైము మాత్రలు వెయ్యాలి. వెయ్యకపోతే తిన్నదంతా దండగ, పైగా పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టని ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు.

ఇంట్లో మాత్రలు నిండుకున్నాయి. పొద్దున్నే పిల్లని వెంటబెట్టుకుని సర్కారు ఆసుపత్రికి పరిగెత్తింది. మందుల కిటికీ వెనకాయన ఎంతో మర్యాదగా చెప్పాడు.

"వచ్చాయమ్మా. ఇవ్వకూడదు."

"అదేంటండీ?"

"అరుగుదల మందుల పథకం మధ్యాహ్నం మొదలవ్వాలి కదా. మొదటి డబ్బా మంత్రిగారి చేతుల మీదుగా మీ అమ్మాయికే. అదృష్టవంతులు."

"మరి అప్పటిదాకా పిల్ల ఎలా తింటుందండీ?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "తినకపోతే అరగాల్సిన పనే ఉండదు కదమ్మా."

ఇలాంటి మేధావుల్ని ప్రభుత్వం ఏరికోరి కిటికీల వెనక కూర్చోబెడుతుంది.

సభకి ముందు ఆసుపత్రిలోనే పెద్దలకి విందు. ఖాళీ కడుపుతో ఆకలి గురించి మాట్లాడటం కష్టం కదా మరి. విందు గది బయట, వరండాలో బెంచీ మీద తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. లోపలి నుంచి కమ్మటి వాసన. ఎదురుగా బల్ల మీద, పట్టుగుడ్డ కింద, మందు డబ్బా.

"అమ్మా, ఆకలేస్తోంది."

"మందు పడనీ నాన్నా."

తల్లి ఉండబట్టలేక మంత్రిగారి పీఏని అడిగింది. "అయ్యా, ఆ డబ్బాలోంచి ఒక్క పూట మందు ఇప్పించండి. పిల్ల పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

"ఫొటో పడకుండా సీలు తీస్తే పథకం లీకైపోదూ? చదువుకున్నదానిలా ఉన్నావు, ఆ మాత్రం తెలీదా తల్లీ."

అంతలో లోపల మంత్రిగారు దీర్ఘంగా తేన్చారు. "కాస్త ఎక్కువైందయ్యా. కడుపు బరువుగా ఉంది."

"సార్, అరుగుదల మాత్రలు మన పథకంలోనే ఉన్నాయి కదండీ," అన్నారు ఆసుపత్రి డైరెక్టరుగారు.

పీఏ ఉరుకులు పరుగుల మీద డబ్బా లోపలికి పట్టుకెళ్ళాడు.

"బాబూ, అవి ఆ అరుగుదలకి కాదు," అంటూ తల్లి వెంటపడింది. తలుపు మూసుకుంది. లోపలి నుంచి మాటలు మాత్రం వినబడుతూనే ఉన్నాయి.

"నాకో రెండు."

"మా బావమరిది బాగా లాగించాడు, వాడికీ ఇటివ్వండి."

"నాకు రాత్రికి కూడా."

డబ్బా పెద్దదే, నాలుగైనా మిగలకపోతాయా అనుకుంది తల్లి. ఆశ చావదు కదా.

సభలో కొత్త సీలుతో డబ్బా తళతళలాడింది. మంత్రిగారు అరుగుదల మీద అనర్గళంగా మాట్లాడారు. తర్వాత పళ్ళెం తెప్పించి, పిచ్చుకని పక్కన కూర్చోబెట్టుకుని, స్వయంగా ముద్ద కలిపారు. కెమెరాలన్నీ ముందుకొచ్చాయి. పిల్ల ఆశగా నోరు తెరిచింది.

తల్లి గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. "మందు వేశాక పెట్టండయ్యా."

"దానికేం, వెయ్యమ్మా," అన్నారు మంత్రిగారు పెద్ద మనసుతో.

తల్లి సీలు చింపి, మూత తీసి, డబ్బా అరచేతిలోకి వంచింది. దూది పడింది. ఇంకోసారి గట్టిగా కొట్టింది. దూది కింద ఏమీ లేదు.

ముద్ద గాల్లో ఉంది. పిల్ల నోరు తెరుచుకునే ఉంది. అక్కడే మంత్రిగారి సమయస్ఫూర్తి బయటపడింది.

"తిండి వృథా చెయ్యకూడదమ్మా," అని మైకులో చెప్పి, ఆ ముద్ద తన నోట్లో పెట్టుకున్నారు.

చప్పట్లు మోగాయి. పిచ్చుక నోరు మూసుకుంది.