ప్రయోగం రిజిస్టరులో పెళ్లి

పుట్టుక, చావు దేవుడి చేతిలో ఉన్నాయి. పెళ్లి సర్వరు చేతిలో ఉంది. ట్యునీషియా రాజధాని తునిస్ శివారులోని ఆ సముద్రపు పట్నంలో పురపాలక సంఘం ఈ సత్యాన్ని మూడేళ్ల కిందట గుర్తించింది. అప్పటి నుంచి వధూవరులు సంతకాలు పెట్టినా, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ పెళ్లికూతలు కూసినా, తెర మీద పచ్చగీత వచ్చేదాకా అక్కడ ఎవరికీ పెళ్లయినట్టు కాదు.

ఆ పెళ్లిళ్లు నమోదు చేసే ప్రోగ్రాము రాసింది దోర్సాఫ్, పురపాలక సంఘం ఇంజనీరు. ప్రోగ్రామును కంటైనర్ అనే డబ్బాలో సీలు వేసి ఉంచుతారు. డబ్బాను ఎక్కడ తెరిచినా ఒకేలా పనిచేస్తుంది. తానెక్కడ ఉన్నదీ, ఎవరి కోసం పనిచేస్తున్నదీ దానికి తెలియదు (ఈ విషయంలో అది తక్కిన సిబ్బందికి భిన్నం కాదు). అందుకని తెరిచినప్పుడల్లా దాని చెవిలో కొన్ని మాటలు ఊదాలి. వాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. ఏ రిజిస్టరులో రాయాలో చెప్పేది వాటిలో ఒకటి. 'అసలు' రిజిస్టరులో మనుషుల పెళ్లిళ్లు ఉంటాయి. 'ప్రయోగం' రిజిస్టరులో దోర్సాఫ్ ప్రోగ్రామును పరీక్షించడానికి చేసిన ఉత్తుత్తి పెళ్లిళ్లు ఉంటాయి. ఎవరూ ఏమీ ఊదకపోతే ప్రయోగంలోనే రాయమని ఆమె డబ్బాకు ముందుగా చెప్పి ఉంచింది. జాగ్రత్తపరులు అలాగే చేస్తారు.

జులైలో కరెంటు పోయి వచ్చింది. డబ్బా మళ్లీ తెరుచుకుంది. ఊదవలసిన ఉద్యోగి, వేసవి ఒంటిపూట వేళలు కనుక, అప్పటికే ఈతకు వెళ్లిపోయాడు.

రెండు వారాల తర్వాత, గురువారం నాడు, దోర్సాఫ్ సంగతి కనిపెట్టింది. శనివారం ఆమె పెళ్లి. వరుడు వజ్దీ రేవులో పడవ నడుపుతాడు. ఈ రెండు వారాల పెళ్లిళ్లన్నీ ప్రయోగంలో పడ్డాయి. హనీమూన్‌కు తబర్కా వెళ్లిన జంటలు చట్టం దృష్టిలో ఒకే గది తీసుకున్న అపరిచితులు. డబ్బా చెవిలో 'అసలు' అని ఊదకపోతే శనివారం తన పెళ్లీ అంతే.

ఊదే మాటలనే విలువలంటారు, డబ్బా తెరుచుకున్నాక వాటిని మార్చే అధికారం విలువల పరిరక్షణ సంఘానిది. పోయినేడు ఎవరో సర్వరు పాస్‌వర్డును కాఫీ యంత్రం మీద అంటించారు. సంఘం అప్పుడు పుట్టింది. అధ్యక్షుడు సీ మొంజీ ('సీ' అంటే అక్కడ 'గారు') ఆమెను కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు.

"మారుద్దాం అమ్మాయీ, ఇన్షాల్లా. ఇప్పుడున్న విలువేమిటి?"

"ఏమీ ఊదలేదు సీ మొంజీ, అందుకే ప్రయోగంలో రాస్తోంది. 'అసలు' అని ఊదితే చాలు."

"ఏమీ లేదని నీకెలా తెలుసు? విలువలు రహస్యం కదా."

"చూశానండీ."

"చూశావా? అయితే రహస్యం బయటపడింది. ముందు దాని మీద విచారణ జరగాలి."

"ఏమీ లేనిచోట రహస్యం ఏముందండీ?"

"అది మరీ పెద్ద రహస్యం. బయట ఎక్కడా అనకు."

"ఎల్లుండి నా పెళ్లి సీ మొంజీ! స్ఫాక్స్ నుంచి రెండు బస్సుల జనం వస్తున్నారు."

"మబ్రూక్, శుభాకాంక్షలు! శనివారం విచారణ ఉండదులే, సెలవు."

అయితే సీ మొంజీ రాతిగుండె మనిషి కాదు. ఆ మధ్యాహ్నం సంఘాన్ని సమావేశపరిచాడు. విలువను మార్చాలంటే విచారణ, విచారణ ముగియాలంటే సెప్టెంబరు. కనుక విలువను ముట్టుకోకుండా లోకాన్ని దానికి అనుగుణంగా మార్చాలని సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇకపై ప్రయోగం రిజిస్టరే అసలు రిజిస్టరు. పాత అసలు రిజిస్టరును ప్రయోగాలకు వాడుకోవచ్చు. తబర్కాలో ఉన్న జంటలకు ఆ సాయంత్రమే పెళ్లయిపోయింది. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

శనివారం సభామందిరం నిండింది. భుజాన ఎర్రపట్టీ వేసుకుని పెళ్లిళ్లు జరిపే అధికారి, దోర్సాఫ్ గుర్తింపు సంఖ్య కొట్టి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ కొట్టాడు.

"అమ్మాయీ, నీకు పెళ్లయిపోయిందే."

ప్రోగ్రాములు రాసేవాళ్లు పరీక్షించేటప్పుడు ముందుగా తమ పేరే కొడతారు. కంఠతా వచ్చిన గుర్తింపు సంఖ్య అదొక్కటే కనుక. దోర్సాఫ్ కూడా అలాగే తనకు 'ట్రయల్ బిన్ ట్రయల్' అనే వరుణ్ణి చేసింది. ఆ పెళ్లి ఇప్పుడు చట్టబద్ధం.

వజ్దీ టై వదులు చేసుకున్నాడు. "ఎవడు వాడు? ఏం చేస్తాడు?"

"ఏమీ చెయ్యడు వజ్దీ. ఖాళీ నింపుతాడంతే."

"మొగుళ్లందరూ చేసేది అదేగా," అంది వెనక వరసలోంచి దోర్సాఫ్ వాళ్ల ముఫీదా పిన్ని.

"రిజిస్టరులో ఆ పద్దు నేనే చెరిపేస్తానండీ," అంది దోర్సాఫ్.

"అసలు రిజిస్టరులో చెయ్యి పెడితే జైలు," అన్నాడు అధికారి. "విడాకులు తీసుకో. భర్తను కోర్టుకు తీసుకురా."

"లేని మనిషిని ఎక్కణ్ణుంచి తేనండీ?"

"లేడంటే ఎలా? పన్ను బాకీ లేదు, పురపాలక సంఘం మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఇంత మంచి పౌరుడు పట్నంలో ఇంకొకడు లేడు."

బయట స్ఫాక్స్ బస్సులు హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. అధికారి గొంతు తగ్గించాడు.

"ఒక దారుంది. పాత రిజిస్టరులో నువ్వింకా పెళ్లికాని పిల్లవే. ప్రయోగంగా కావాలంటే ఇప్పుడే చేస్తా. ప్రయోగాలకు ఏ మాట ఊదినా సంఘం అనుమతి అక్కర్లేదు."

దోర్సాఫ్ వజ్దీ వైపు చూసింది.

"పడవ కూడా మొదట ప్రయోగంగానే నీళ్లలో దింపుతాం," అన్నాడు వజ్దీ. "కానివ్వండి."

పచ్చగీత వచ్చింది. పెళ్లికూతలు రేవు దాకా వినిపించాయి. దోర్సాఫ్ కళ్లు తుడుచుకుంది. చేతికి వచ్చిన ధ్రువపత్రం అడుగున ఇలా ఉంది: 'ప్రయోగార్థం మాత్రమే. ముందస్తు సమాచారం లేకుండా తొలగించబడును.'

ముఫీదా పిన్ని దాన్ని లాక్కుని రెండుసార్లు చదివి అధికారి వైపు తిరిగింది. "కొత్తవాళ్లకే ఇలా రాస్తారా బాబూ?"

"లేదమ్మా. ఈ పట్నంలో జులైకి ముందు జరిగిన పెళ్లిళ్లన్నీ, పాత పుస్తకాల్లోంచి ఎక్కించినవి కూడా, ఆ పాత రిజిస్టరులోనే ఉన్నాయి. మీదీ అంతే."

పిన్ని బక్లావా మిఠాయి తింటున్న భర్త వైపు కాసేపు చూసి, అధికారి దగ్గరికి జరిగింది.

"ఆ తొలగించేది ఏ రోజు బాబూ?"