టైరు ఊడింది, గంట మోగింది

“ఆ టైర్లలో నీళ్లు నిలుత్తాయి. నీళ్లల్లో దోమలు పుడతాయి. దోమ కుడితే మలేరియా. ఇంక మనల్ని దేవుడే సూడాల!”

పొయ్యి ఇంకా రాజెయ్యకుండానే తెరిసమ్మ అనేసింది. వానలు వెళ్లిపోయి చాలా కాలమైంది, పెరట్లోని టైర్లలో చుక్క నీరు లేదు. అయినా తెరిసమ్మ భయపడటానికి నీళ్లు అక్కర్లేదు.

కూతురు జాయ్స్ ఘాటు రోడ్డు మీది పంక్చరు షాపు నుంచి పాత టైర్లు తెస్తుంది. లోయలోకి విసిరేసేవీ, చలిమంటలో కాల్చి ఊరంతా నల్లపొగ చేసేవీ ఆమె చేతిలో పడితే తాడు అల్లిన కుర్చీలవుతాయి. బొర్రాలో హోటలు నడిపే భాను అవి చూడటానికి ఆ పొద్దున్నే వస్తానంది.

“ఆవిడికి నచ్చకపోతే సాయంత్రానికి ఒక్క టైరు నా పెరట్లో ఉండకూడదు, గుంటా!”

“నచ్చితేనో?”

“నచ్చినా దోమలు దోమలే. తీసెయ్యాల్సిందే.”

“మరి ఎక్కడ సెయ్యమంటావు? నువ్వైనా సెప్పు నాన్నా!”

తండ్రి లాజరస్ పలకలేదు. ఆదివారం నుంచీ ఇంట్లో పలకడమే లేదు. కాఫీ తోట నుంచి వచ్చి ఒక్కసారి ఆవులించిన పాపానికి, తెరిసమ్మ చర్చిలో అందరిచేతా అతని గుండె కోసం ప్రార్థన చేయించింది. అప్పటి నుంచి ఊరు అతన్ని రోగిలా పరామర్శిస్తోంది. అతను పెళ్లాంతో మాటలు మానేశాడు.

తెరిసమ్మ కుళాయికి వెళ్లింది. జాయ్స్ భాను కోసం రోడ్డు మీదికి వెళ్లింది. పెరట్లో ఒక లారీ టైరు మాత్రం ఇనుప చక్రాన్ని వదలకుండా పట్టుకుని ఉంది. లాజరస్ సమ్మెట అందుకున్నాడు. ఠంగ్! ఊపిరి తీసుకున్నాడు. ఠంగ్! మళ్లీ ఆగాడు. అది ఊడేసరికి ఒళ్లు పులిసిపోయింది. మంచు ఇంకా విడలేదు. కూతురు టైర్లు కలిపి కట్టిన పొడుగు బల్ల మీద వాలి, తల మీదుగా దుప్పటి లాక్కుని నిద్రపోయాడు.

చిక్కల్లా ఒక్కటే. ఆ ఊరి చర్చి గంట కూడా పాత లారీ చక్రమే. ప్రార్థనకైతే గబగబా కొడతారు. ఎవరైనా పోతే ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బ.

ఫాదర్ రాని రోజుల్లో ప్రార్థన నడిపే ఉపదేశి యేసుపాదం దిగువ నుంచి చెవి ఒగ్గాడు. శబ్దం లాజరస్ ఇంటి నుంచే. “గుండె జబ్బు మనిషి, పోనాడు కాబోలు!” అనుకుని, తన బాధ్యతగా చర్చి చక్రాన్ని కూడా ఆగి ఆగి మోగించాడు.

కుళాయి దగ్గర తెరిసమ్మ చేతిలోని బిందె జారింది.

“సూసినావా, ఎవరో పోనారు! నాను పొద్దున్నే అనుకున్నాను!”

పక్కింటి దేముడమ్మ ఆమెను కావలించుకుని భోరుమంది. “నీకింకా తెలీదేటి, ఒదినా? ముందు మోగినాది మీ ఇంటికాడే కదా!”

తెరిసమ్మ పరుగున వచ్చి, ముసుగులోని మనిషి పాదాలు పట్టుకుంది. మంచులో చెప్పుల్లేకుండా తిరిగిన పాదాలవి.

“ఒలమ్మో! సల్లబడిపోనాయి!”

దాంతో గంట విని పెరట్లో చేరిన ఊరికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

“ఫాదర్ గారొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి,” అన్నాడు ఉపదేశి.

కూర్చోవడానికి పెరట్లో టైరు కుర్చీలు తప్ప మరేమీ లేవు. ఒక్కో దాంట్లో ఇద్దరేసి కూలబడి, గుండెలు బాదుకుంటూ ఊగిపోయారు. ఒక్క తాడూ తెగలేదు.

జాయ్స్, భాను సరిగ్గా అప్పుడే వచ్చారు. జాయ్స్ తండ్రి దగ్గరికి పరుగెత్తింది. భాను మర్యాదగా చెప్పులు విప్పి, దేముడమ్మ పక్కన ఒక కుర్చీలో ఒదిగింది. అటూ ఇటూ కాస్త కదిలి చూసింది.

“ఇలాంటప్పుడు అడక్కూడదు గానీ,” అంది గొంతు తగ్గించి, “మా హోటలు తోటంతటికీ ఇవే కావాలి. ఎవరితో మాట్లాడాలి?”

“ముందు మట్టి కార్యం కానీ తల్లీ,” అంది దేముడమ్మ.

జాయ్స్ ముసుగు లాగబోయింది. తల్లి కన్నీళ్లకి చక్కిలిగింత పుట్టి, తండ్రి బొటనవేలు మెల్లగా ముడుచుకోవడం కనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుని, బుద్ధిగా తల్లి పక్కన చతికిలబడింది.

“లెగయ్యా!” అంటూ తెరిసమ్మ వెక్కుతోంది. “లెగిస్తే సర్చిలో నీ పేరెత్తను. టైర్లు పెరడంతా పెట్టుకోండి, ఇల్లంతా పెట్టుకోండి, నాను నోరు మెదపను! ఇంటన్నావా?”

ఏడుపులు ఆగాయి. ఉపదేశి శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఆఖరికి, ఆదివారం తర్వాత మొదటిసారి, దుప్పటి లోంచి లాజరస్ పలికాడు.

“ఇంటన్నాను. ఉపదేశి గారికి సరిగ్గా ఇనిపించినట్టు లేదు, ఇంకోపాలి సెప్పు.”