పోచమ్మ వాటా

ఆ పొద్దున నారాయణఖేడ్‌లో గడప దాటకముందే స్వరూపరాణి మొగుడి చేత బోరంచ నల్లపోచమ్మ మీద ఒట్టు వేయించుకుంది. బెంగళూరులో మనవరాలిని ఎత్తుకునేదాకా చుక్క ముట్టకూడదు. సంగమేశ్ వేసేశాడు. తొలిసారి విమానమెక్కాలంటే తనకు భయమని మాత్రం చెప్పలేదు. ఏళ్ల తరబడి ట్రాక్టరు తోలిన మనిషి పెళ్లాంతో ఆ మాట ఎట్లా అంటాడు?

విమానాశ్రయంలో తనిఖీలన్నీ అయ్యాక వైన్ బార్ కనబడింది. పాపం, ప్రాణం లేచొచ్చింది.

"బ్యాగులు జూస్కుంట కూసో. జర బాత్రూంకు వోయొస్త" అని జారుకున్నాడు.

మెత్తటి కుర్చీలో ఒరిగి ఎర్ర వైన్ తెప్పించుకున్నాడు. ధైర్యానికి ఒక్క గ్లాసు చాలు. అయితే ఏది తాగినా ముందు పోచమ్మ తల్లికి వాటాగా సాక పోయడం అతని ఇంటి ఆచారం. వేలు ముంచి నాలుగు చుక్కలు నేల మీద చిలకరించి, కళ్లు మూసుకున్నాడు. "తల్లీ, ఒట్టు తప్పుతున్న. నీ వాటా నీకిచ్చిన, కోపం జెయ్యకు" అని గొణిగాడు.

కళ్లు తెరిచేసరికి ఆ గ్లాసు లేదు. వెయిటర్ ఇంకోటి పట్టుకుని నిలబడ్డాడు.

"సారీ సర్, అందులో ఏదో పడినట్టుంది. వేరేది తెచ్చాను."

కొత్త గ్లాసుకు కొత్త సాక పోయాలి కదా. మళ్లీ చుక్కలు, మళ్లీ కళ్లు మూయడం. ఈసారి మేనేజరే వచ్చాడు. వైన్ నచ్చక పారబోస్తున్నాడని అతని అనుమానం.

"మీకు వైన్ గురించి బాగా తెలిసినట్టుంది సర్" అంటూ ఆ గ్లాసు తీసేసి, కొత్త సీసా తెరిచి స్వయంగా పోశాడు.

"గట్లేం లేదు సారూ, బాగనే ఉంటది. జర తాగనియ్యి" అన్నాడు సంగమేశ్ దీనంగా. అప్పటికే పక్క బల్లల వాళ్లు తమ గ్లాసులు వాసన చూసుకుంటున్నారు. ఒకాయన తనది వాపసు పంపాడు కూడా.

మూడోసారి సంగమేశ్ కళ్లు మూయలేదు. చుక్కలు చిలకరించి, గ్లాసు గట్టిగా పట్టుకుని పెదాల దాకా తెచ్చాడు.

"ఏందయ్యా, బాత్రూం గిట్లుంటదా?"

వెనక స్వరూపరాణి. గ్లాసు బల్ల మీదికి దిగింది.

"సార్ ఒక్క చుక్కా తాగలేదు మేడమ్. తప్పంతా మాదే" అన్నాడు మేనేజరు.

"పోచమ్మ తోడు, నాలిక మీద ఒక్క చుక్క వడలే" అన్నాడు సంగమేశ్. నిజమే, అదే అతని బాధ. ఇక దాచలేకపోయాడు. "గా ఇమానం జూస్తే బుగులైతుందే."

ఆమె కిటికీ అద్దాల్లోంచి విమానాన్ని చూసింది. మెల్లగా పక్కన కూర్చుంది.

"నాకు గూడ" అంది. గ్లాసు అందుకుని, తన వంతు నాలుగు చుక్కలు తల్లికి చిలకరించి, మిగిలినదంతా గడగడా తాగేసింది.

సంగమేశ్ నోరెళ్లబెట్టాడు.

"గట్ల జూస్తవేంది? ఒట్టేసింది నువ్వు. నేను ఎయ్యలే."

విమానం లేచేసరికి స్వరూపరాణి హాయిగా గురక పెడుతోంది. సంగమేశ్ ఆమె చెయ్యి పట్టుకుని, బెంగళూరు దాకా కళ్లు తెరవకుండా ఒట్టు నిలబెట్టుకున్నాడు.