దాచిపెట్టిన మంచు

రైమో సోమరి కాదు. ఈ సంగతి సోఫాలో పడుకుని ఆయనే చెప్పేవాడు.

ఉత్తర ఫిన్లాండులోని ఆ ఊరిమీద నాలుగు రోజులుగా మంచు తెరిపివ్వకుండా కురిసింది. వాకిలి మోకాటిలోతు మునిగింది. గేటు తెరుచుకోక, కట్టెలకొట్టం వెనకనుంచి పక్కింటి కంచె పట్టుకుని కొట్టుకు వెళ్ళిరావలసి వచ్చింది. దారిలో రొట్టెల సంచీ ఒకసారి కూరుకుపోయింది, రైమో రెండుసార్లు. అయినా పార మాత్రం గోడకు చేరబడే ఉంది.

శనివారం పదింటికి గడ్డకట్టిన సరస్సు మీద చేపల పోటీ. మంచుగడ్డకు బెజ్జం తొలిచి, పీట వేసుకుని, గాలం పట్టుకుని కూర్చోవడం. రైమో ఏడాదంతా బతికేది దానికోసమే.

"వాకిలి తవ్వకుండా గాలం ముట్టుకున్నావో, చూడు మరి!" అంది భార్య హిల్కా గురువారం పొద్దున.

రైమో కాఫీ కప్పులోకి చూస్తూ ఆలోచించాడు. కాఫీ అడుగంటేసరికి ఉపాయం పైకి తేలింది.

"తవ్వడం ఎంతసేపే! తవ్వేస్తే నీ తివాచీలు దేనిమీద దులుపుతావు? అడుగు పడని మంచు కావాలి కదా. నీకోసమే ఆగుతున్నా."

చలి ముదిరి మంచు ఉప్పులా పొడిపొడిగా ఉన్నప్పుడు, తివాచీని దానిమీద బోర్లా పరిచి బాదితే మురికంతా మంచుకు వదిలేస్తుంది. హిల్కాకు ఆ పనంటే భక్తి.

"నిజమేనయ్యా. నాకు తట్టనే లేదు," అంది.

హిల్కా అంత సులువుగా ఒప్పుకుంటే భయపడాలని ఇరవయ్యేళ్ళు కాపురం చేసినవాడికి తెలియాలి. రైమో హాయిగా కూర్చుని, బెజ్జం తొలిచే బరమాకు నూనె రాసుకున్నాడు.

శనివారం ఎనిమిదింటికి బరమా భుజాన వేసుకుని బయలుదేరబోతే, గుమ్మంలో హిల్కా తివాచీల కట్టతో అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి? బయట మైనస్ పదిహేను. ఇంతకన్నా మంచి రోజు మళ్ళీ రాదు."

"ఇప్పుడా?"

"పాపం, నాకోసం ఆగావు కదయ్యా! ఇంకా ఆపితే నాకు పాపం చుట్టుకుంటుంది."

నాలుగే కదా, తొమ్మిదికల్లా అయిపోతాయిలెమ్మని బాదడం మొదలుపెట్టాడు. తివాచీ తీసినచోటల్లా తెల్లటి మంచుమీద నల్లటి పలక తేలింది.

"ఇంత మట్టి ఎక్కడిదే?"

"సోఫా కిందది. పైన నువ్వుంటే ఊడ్చేదెలా?"

మూడోది బాదుతుండగా పక్కింటి కెర్తు పిన్ని మంచుబండి నిండా తివాచీలేసుకుని దిగింది.

"మా ఆయన బుద్ధిలేక వాకిలంతా ముందే తవ్వేసి కూర్చున్నాడు. ఇంట్లో శుభ్రమైన మంచు చిటికెడు లేదు. ఆడవాళ్ళ కోసం మంచు దాచావట కదా బాబూ! హిల్కా చెప్పింది. కొండంత మనసయ్యా నీది!"

"ఎవరెవరికి చెప్పింది పిన్నీ?"

"ఎవరెవరికేమిటి, అందరికీ!"

అందరూ వచ్చారు. వీధి చివరి అక్కచెల్లెళ్ళు వచ్చారు. పంతులమ్మ వచ్చింది. చివరికి చర్చి హాలు తివాచీ కూడా వచ్చింది, పన్నెండు మీటర్లు, నలుగురి భుజాలమీద. వచ్చినవాళ్ళంతా రైమోను పొగిడారు. పొగుడుతుంటే కర్ర కింద పెట్టడానికి చేతులు రావు కదా.

"ఇలాంటి మగాడు ఊరికొకడుంటే చాలు," అంది పంతులమ్మ.

"ఒకడు చాలడమ్మా, ఇంకో ఇద్దర్ని పంపండి," అన్నాడు రైమో భుజం పట్టుకుని.

పది కావస్తోంది.

"హిల్కా... పోటీ..." అన్నాడు ఏడుపు గొంతుతో.

"కంగారుపడకు. పేరిచ్చి వెళ్ళకపోతే ఏం మర్యాద? నీ బదులు నేను వెళ్తాగా!" అని హిల్కా బరమా భుజానికెత్తుకుంది.

మధ్యాహ్నం మూరెడు చేపతో, రెండో బహుమతితో ఆమె తిరిగొచ్చేసరికి రైమో చర్చి తివాచీ రెండో వైపు బాదుతున్నాడు. అంతమంది తొక్కిన మంచు వాకిట్లో బండరాయిలా బిగిసింది. దాన్ని తవ్వడానికి పార చాలదు, గునపం కావాలి. సాయంత్రందాకా గునపంతోనే తవ్వాడు.

ఆదివారం తెల్లవారేసరికి మళ్ళీ మంచు మొదలైంది. ఊళ్ళో ఎవరూ ఇంకా పొయ్యి రాజెయ్యలేదు. ఏదో చప్పుడైతే హిల్కా కిటికీ తెరిచింది. పడుతున్న మంచును పడుతున్నట్టే రైమో ఎత్తిపోస్తున్నాడు.

"ఏమయ్యా, కాస్త ఆగనీ!"

"ఉష్! అరవకే," అన్నాడు రైమో పక్కింటివైపు బెదురుగా చూస్తూ. "కెర్తు పిన్నికి ఉన్ని దుప్పట్లు ఇంకా మిగిలాయట!"