కడిగి, తొక్క తీసిన క్షమాపణ

ఆ ఉదయం దాన్‌బి అనుకున్న పని చిన్నదే. కొడుకు హారంని బడి బస్సు ఎక్కించేలోపు, యంత్రం రాత్రంతా నెట్‌లో చదివి నేర్చుకున్న ముక్కలకి "ఔను", "కాదు" అని నొక్కేయడం. తేజన్ నగరంలో వాళ్ళ అపార్ట్‌మెంట్ ఫిర్యాదులకి జవాబులిచ్చే పని ఆ యంత్రానికి దాన్ని తయారుచేసిన ల్యాబ్ వాళ్ళు అప్పజెప్పారు. దాన్ని సరిదిద్దే పని దాన్‌బిది. ఉద్యోగం ఉంచేదీ ఊడగొట్టేదీ ఆరోజే తేలుస్తామన్నారు. చదువు మధ్యలో ఆపేసిన మనిషి. తెలియని ప్రశ్న వస్తుందేమోనని పొద్దుట్నుంచీ ఒకటే భయం.

"సాగ్వా ఒక పండు. ఔనా, కాదా?"

ఆపిల్ తెలియకపోతే ఎలా! ఔను.

"తప్పు చేసినవాళ్ళు సాగ్వా ఇవ్వాలి. ఔనా, కాదా?"

క్షమాపణ చెప్పుకోవద్దూ మరి! ఔను.

వాళ్ళ భాషలో ఆపిల్‌కీ క్షమాపణకీ ఒకటే మాట, సాగ్వా. ఒంటికాలి మేజోడుతో ఇల్లంతా గంతులేస్తున్న హారం వెనక పరిగెత్తే తొందరలో ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు.

బస్సు ఎక్కించి వచ్చేసరికి కింది ఫ్లాట్‌లో ఉండే కూ బామ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"హారం వాళ్ళమ్మా! నీ కొడుకు గుర్రంలా దూకుతున్నాడు, మనస్ఫూర్తిగా సాగ్వా కావాలి అని రాశాను. మీ యంత్రం ఏమందో తెలుసా? కడిగి, తొక్క తీసి, మెత్తటి ముక్కలు కోసి పంపుతుందట! నా పళ్ళు ఊడాయని ఊరంతా చాటుతున్నావా?"

"అయ్యో, బామ్మగారూ, అది నేను కాదు!"

"కింద నీ పేరే వేసింది."

ఆ జవాబు అపార్ట్‌మెంట్‌లో అందరి ఫోన్లలోనూ కనిపించింది. మధ్యాహ్నానికి భవనమంతటికీ ఇరుగుపొరుగు చేసిన పాత తప్పులు గుర్తొచ్చాయి. లిఫ్టులో కుక్క మొరిగిందని ఒకరు, చేపల వాసనని ఇంకొకరు. అడిగినవాళ్ళకల్లా యంత్రం దాన్‌బి పేరున సాగ్వా రాసిచ్చింది. జనం సంచులతో దాన్‌బి గుమ్మం ముందు బారులు తీరారు.

సాయంత్రం ల్యాబ్ నుంచి పై అధికారి తక్ గారు ఊడిపడ్డారు. "ముందు ఆ పెద్దావిడ కాళ్ళమీద పడదాం పద. నీ ఉద్యోగం మాట తర్వాత."

ఇద్దరూ బామ్మ గుమ్మంలో నడుము విరిగేలా వంగారు. "క్షమించండి బామ్మగారూ, పొరపాటైపోయింది."

"అది విన్నాను. పండేదీ?"

దాన్‌బి ఒక్క పరుగున పైకెళ్ళి, హారం కోసం దాచిన ఆపిళ్ళు కోసి తెచ్చింది. బామ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకోటి తక్ గారి చేతిలో పెట్టింది. "ఉత్త మాటలు ఎవరైనా చెబుతారు. మర్యాద తెలిసింది మీ యంత్రానికే." ఫోన్ తీసి అందరికీ కనబడేలా రాసింది: సాగ్వా అందింది, తియ్యగా ఉంది.

తక్ గారు ముక్క నములుతూ ఆ మాట చదివారు. "అయితే నువ్వు నొక్కినవి రెండూ సరైనవేనన్నమాట. రేపటి నుంచి పనిలో ఉండు."

మర్నాడు పొద్దున హారంని కుర్చీలోంచి కదలనివ్వకుండా కూర్చోబెట్టి, దాన్‌బి యంత్రం అడిగే ప్రశ్నలు తెరిచింది.

"పైన పిల్లాడు గంతులేస్తే, కింద బామ్మకి పండ్లొస్తాయి. ఔనా, కాదా?"

ఆమె వేలు "కాదు" మీదికి వెళుతుండగా ఫోన్ మోగింది.

"ఏమ్మా, ఇవాళ బాబు చప్పుడు లేదేం?" అంది బామ్మ.

దాన్‌బి "ఔను" నొక్కింది.