స్థితిస్థాపక ఆసుపత్రి

పెద్దాసుపత్రి ఇకమీదట స్థితిస్థాపక ఆసుపత్రిగా ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వరదలొచ్చినా, మహమ్మారులొచ్చినా, ఎండలు మండిపోయినా అది స్థితిస్థాపకంగా ఉండాలనీ, తనిఖీ బృందం స్వయంగా వచ్చి చూస్తుందనీ, బాగా ఉన్న ఆసుపత్రికి పురస్కారం ఇస్తుందనీ అందులో రాశారు. ఆ మాటకి అర్థం మాత్రం రాయలేదు. ఉత్తర్వు పంపినవారికి ఆమాత్రం అవతలివాళ్ళకి తెలిసే ఉంటుందన్న నమ్మకం. అందుకున్నవారికి అడిగితే పరువు పోతుందన్న భయం. ఈ రెండిటి మీదే పరిపాలన సజావుగా సాగుతూ ఉంటుందని పాఠకులకి వేరే చెప్పనక్కర్లేదు.

సూపరింటెండెంటు గారు ఆ కాగితాన్ని రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన అవస్థ చూడలేక మూడో రోజున హెడ్ గుమాస్తా తన కూతురి తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం పట్టుకొచ్చి, నలభై ఒకటో పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. "బాహ్యబలాన్ని తొలగించిన వెంటనే వస్తువు తన తొలి స్థితికి తిరిగివచ్చే ధర్మాన్ని స్థితిస్థాపకత అంటారు. ఉదాహరణ: రబ్బరు." ఆ పిల్ల కింద ఎర్ర గీత గీసి, పక్కన 'ముఖ్యం' అని కూడా రాసుకుంది.

"ఓస్, ఇంతేనా! వరదొచ్చి వెళ్ళాక ఎక్కడివక్కడ పెట్టెయ్యాలి. అంతేగా?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"అంతే సార్. ఎక్కడివక్కడే," అన్నాడు హెడ్ గుమాస్తా.

ఆరోజు సాయంత్రానికల్లా స్థితిస్థాపకతా సాధన సంఘం ఏర్పడింది. నౌకర్లు దాన్ని రబ్బరు కమిటీ అనేవారు. పదమూడుమంది పెద్దలు సభ్యులు కాగా, వార్డుల సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉండకపోతే బాగుండదని పద్నాలుగో సభ్యురాలిగా పెద్ద సిస్టర్‌ని వేశారు. ఆవిడ నెలలు నిండని పిల్లల వార్డులో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తోంది. అరచేతిలో పట్టేంత పిల్లల్ని ఎత్తి ఎత్తి ఆవిడ చేతులకి మెత్తదనం వచ్చింది గానీ, నోటికి రాలేదు. అందుకని సమావేశాల్లో ఆవిడకి తలుపు దగ్గర కుర్చీ వేసేవారు.

కమిటీ చురుగ్గా పనిచేసింది. ప్రతి వస్తువుకీ తొలి స్థితి ఏమిటి, ప్రస్తుత స్థితి ఏమిటి అని పెద్ద జాబితా తయారైంది. ఆ మధ్య మహమ్మారి కోసం రావలసి, అది వెళ్ళిపోయాక వచ్చిన మాస్కుల పెట్టెలు స్టోరులో సీలు కూడా విప్పకుండా ఉన్నాయని తేలింది. తొలి స్థితిని ఇంత నిష్ఠగా కాపాడినందుకు స్టోరుకీపరుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. క్షయ వార్డు డాక్టరు వచ్చి నాలుగు మాస్కులు అడిగితే, వచ్చే మహమ్మారి దాకా ఓపిక పట్టమన్నారు. వడదెబ్బ తగిలినవాళ్ళ కోసం చల్లని గది ఒకటి సిద్ధం చేసి, అందులోని చల్లదనం బయటికి పోకుండా తాళం వేశారు.

వరద రిహార్సలు కూడా జరిగింది. రోగులకి ఒంట్లో బాగుండదు కాబట్టి రోగులుగా గుమాస్తాలు పడుకున్నారు. పొడుగాటి నీలం గుడ్డ పట్టుకుని గేటులోంచి లోపలికి నడిచిరావడానికి వాచ్‌మన్‌ని వరదగా నియమించారు. వరద పదకొండింటికి రావాలి. ముఖ్య అతిథి ఒంటిగంట దాకా రాకపోవడంతో వరద పాపం గేటు బయట రెండు గంటలు ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడిపోయింది. చల్లని గది తాళంచెవి దొరక్క వాచ్‌మన్‌ని పంపు కింద కూర్చోబెట్టారు. రిహార్సలు విజయవంతమైందని నివేదికలో రాశారు.

ఇక అసలు చిక్కు జనరేటరు దగ్గర వచ్చింది.

జనరేటరు తొలి స్థితి ఏమిటంటే, భవనం కింద సెల్లారులో ఉండటం. ఊళ్ళోని మురుగుకాలువ పొంగినప్పుడల్లా నీళ్ళు ముందుగా వచ్చి పలకరించేది ఆ సెల్లారునే. మూడేళ్ళ కిందట వరదొచ్చినప్పుడు కరెంటు పోయింది, జనరేటరు మునిగింది. పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు పదకొండు ఒక్కసారిగా చల్లబడ్డాయి. పదిమంది పిల్లలు బతికారు. పదకొండో బల్ల మీది పిల్ల పెద్ద సిస్టర్ చేతుల్లోనే పోయింది. దానికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఆ మాట తలుచుకుంటే ఆవిడకి ఈ రోజుకీ ఏడుపూ వస్తుంది, కోపమూ వస్తుంది, ఆ రెండిట్లో ఏది ఎక్కువో ఆవిడకే తెలియదు.

అందుకే జనరేటరు మరమ్మతు నుంచి లారీలో తిరిగొచ్చిన రోజున, సూపరింటెండెంటు గారు సెలవులో ఉండటం చూసి, ఆవిడా, అందరూ కరెంటు బాబాయి అని పిలిచే ఎలక్ట్రీషియనూ కలిసి దాన్ని లారీ మీంచే నేరుగా వంటగది వెనకాల మనిషెత్తు అరుగు మీదికి ఎక్కించేశారు. పాత నీళ్ళట్యాంకు తీసేశాక ఆ అరుగు ఖాళీగా ఉండేది. కిందటేడు మళ్ళీ వరదొచ్చింది. సెల్లారు నిండింది. జనరేటరు అరుగు మీద కూర్చుని హాయిగా తిరిగింది. వార్మర్లు ఆగలేదు, పిల్లలు ఏడుపు కూడా ఆపలేదు. వరదొచ్చిందన్న సంగతి పైనున్న చాలామందికి పేపర్లో చూస్తేగానీ తెలియలేదు.

ఈ ఘోరం ఇప్పుడు జాబితాలో బయటపడింది.

"ఏంటమ్మా ఇది? తనిఖీ ఫారంలో 'విపత్తు నుంచి కోలుకున్న తీరు' అని ఇంత పెద్ద గడి ఇచ్చారు. కిందటేటికి ఏం రాయమంటారు? ఏమీ కాలేదని రాయనా? ఏదైనా అయితేనేగా కోలుకునేది!" అని సూపరింటెండెంటు గారు తల పట్టుకున్నారు.

"ఏమీ కాకుండా చూడటమే గదండీ మన పని," అంది పెద్ద సిస్టర్.

"అది వేరే గడి సిస్టర్. అసలు ఆ గడే లేదు ఇందులో," అన్నాడు హెడ్ గుమాస్తా జాలిగా.

ఆవిడ నచ్చజెప్పింది, బతిమాలింది, చివరికి పదకొండో బల్ల సంగతి ఎత్తింది. కమిటీ రెండు నిమిషాలు మౌనం పాటించి, జనరేటరుని తొలి స్థితికి తేవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవం ఎలాగంటే, పద్నాలుగో కుర్చీని అప్పటికే తలుపుకి అవతలికి జరిపేశారు కాబట్టి ఆ చెయ్యి లెక్కలోకి రాలేదు. నలుగురు మనుషులూ, రెండు గొలుసులూ కలిసి జనరేటరుని సెల్లారులోకి దించారు. కరెంటు బాబాయి దాన్ని బిగిస్తూ, "కిందికి దించడానికి ఇంతమంది వచ్చారు. పైకెక్కించినప్పుడు మనిద్దరమేనమ్మా," అన్నాడు.

తనిఖీ బృందం వచ్చింది. సెల్లారులో దీపాల వెలుగులో మెరిసిపోతున్న జనరేటరుని చూసి ముచ్చటపడింది. బృందం పెద్ద మాట్లాడుతూ, "విపత్తులు వస్తూంటాయి, పోతూంటాయి. మనం మాత్రం ఎక్కడున్నామో అక్కడే ఉండాలి. ఆ దీక్ష నాకు ఈ ఆసుపత్రిలో అణువణువునా కనిపించింది," అన్నారు. చప్పట్లు మారుమోగాయి. పురస్కారం గాజుది, మంచి బరువుంది. దాన్ని వరద తగలకుండా మూడో అంతస్తులో, సూపరింటెండెంటు గారి గదిలో పెట్టారు.

అది జరిగిన పన్నెండో రోజు పొద్దున్న తొమ్మిదింటికి, ఎవరి పిలుపూ లేకుండా, ముఖ్య అతిథి కోసం ఆగకుండా, అసలు వరద వచ్చింది.

తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది. పదింటికి సెల్లారులోంచి గుడగుడమని శబ్దమొచ్చి ఆగిపోయింది. వార్డులో తొమ్మిదిమంది పిల్లలు. పెద్ద సిస్టర్ వరండాలోకి వచ్చి, అక్కడున్న తల్లుల్నీ, తండ్రుల్నీ, అమ్మమ్మల్నీ లోపలికి రమ్మని కేకేసింది.

"చొక్కాలు విప్పండి! సిగ్గుపడటానికి టైము లేదు. పిల్లని గుండెకి ఆనించుకోండి, మీద దుప్పటి కప్పండి. మీ ఒంటి వేడే ఇప్పుడు దానికి కరెంటు. కదలకండి!"

ఎనిమిదిమంది ఎనిమిది గుండెల మీదికి చేరారు. తొమ్మిదోది పుట్టి రెండు రోజులైన మగపిల్లాడు. వాడికి వేడితో పాటు ఊపిరి కూడా యంత్రమే ఇస్తోంది. యంత్రం ఆగింది. పెద్ద సిస్టర్ గోడకి వేలాడుతున్న అంబు బ్యాగు అందుకుంది. అది పిడికిట్లో పట్టే రబ్బరు సంచి. నొక్కితే పిల్లాడిలోకి గాలి పోతుంది, వదిలితే మళ్ళీ ఉబ్బుతుంది. నొక్కింది, వదిలింది. ఆవిడ చెయ్యి పడిపోతే కరెంటు బాబాయి నొక్కాడు. ఆయన తర్వాత పిల్లాడి అమ్మమ్మ నొక్కింది. ఆ ఆసుపత్రి మొత్తంలో నిజంగా స్థితిస్థాపకత ఉన్న వస్తువు అదొక్కటే. దాని పేరు ఏ జాబితాలోనూ లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి సూపరింటెండెంటు గారు మోకాళ్ళ దాకా తడిసి వార్డులోకి వచ్చారు. ఎవరూ లేచి నిలబడలేదు. పెద్ద సిస్టర్ బ్యాగు ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముప్పావుగంట నొక్కారు. ప్రతిసారీ ఆ చిన్న రొమ్ము లేచి పడుతూంటే చూస్తూ, ఉన్నట్టుండి భోరుమన్నారు.

"సిస్టర్, నన్ను క్షమించండి. నీళ్ళు తీయనివ్వండి, జనరేటరుని నా చేత్తో నేను పైకెక్కిస్తాను. నా మనవడి మీద ఒట్టు," అన్నారు. చెప్పొద్దూ, ఆ క్షణంలో ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ నిజం.

"ఏడవండి గానీ, నొక్కే లెక్క తప్పకండి సార్," అంది ఆవిడ. ఆవిడకీ కళ్ళనీళ్ళు తిరిగాయి.

అక్కడున్నవాళ్ళంతా అప్పుడు అదే మాట అన్నారు. పిల్లని గుండెకి హత్తుకున్న ఒక తండ్రి, పైవాళ్ళ ఆఫీసు ముందు బైఠాయిస్తానన్నాడు. ఇంకొకాయన ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతానన్నాడు. సాయంత్రం నాలుగున్నరకి పక్క ఊరి నుంచి పడవలో చిన్న జనరేటరు వచ్చింది. తొమ్మిదిమందికి తొమ్మిదిమందీ బతికారు.

నీళ్ళు తీశాయి. బాహ్యబలం తొలగింది.

నాలుగో రోజున నివేదిక వెళ్ళింది. ఏడు గంటల్లో ఆసుపత్రి కోలుకున్న తీరు అద్భుతమని పైనుంచి జవాబు వచ్చింది. ఈసారి పెద్ద గడి నిండిపోయి పక్కన కాగితం అతికించాల్సి వచ్చింది.

ఇరవయ్యో రోజున జనరేటరు మరమ్మతు నుంచి లారీలో తిరిగొచ్చింది. ఆ మధ్యకాలమంతా పెద్ద సిస్టర్ జనరేటరుని అరుగు మీదే పెట్టాలని ఒక అర్జీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. బైఠాయిస్తానన్న తండ్రి తలుపు తీసి, "పిల్ల బాగుంది కదా సిస్టర్. మళ్ళీ ఆ గొడవంతా ఇప్పుడెందుకండీ?" అని లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చాడు. సంతకం పెడతానన్నాయన కళ్ళజోడు ఇంట్లో లేదన్నాడు. తొమ్మిదోవాడి అమ్మమ్మ ఒక్కతే బొటనవేలు చాపింది. అర్జీ మీద ఉన్నదల్లా ఆ ఒక్క వేలిముద్ర.

"ఎక్కడ దించమంటారు?" అని లారీవాడు అడిగాడు. పెద్ద సిస్టర్ సూపరింటెండెంటు గారి వంక చూసింది. ఆయన గోడ వంక చూశారు. గోడ మీద వరద నీటి గీత ఉండాలి గానీ, మొన్ననే సున్నం వేయించేశారు.

"నేను కాదన్నానా సిస్టర్? తొలి స్థితి అని రికార్డులో ఉంది. మళ్ళీ తనిఖీకి వస్తారు. వచ్చే వానల లోపు చూద్దాం," అన్నారు ఆయన. మొహంలో ఏ బాధా లేదు. మనిషి పూర్తిగా కోలుకున్నారు.

జనరేటరు సెల్లారులోకి దిగింది. పెద్ద సిస్టర్ వార్డులోకి వెళ్ళి, అంబు బ్యాగుని నొక్కి చూసి, చేతికందే ఎత్తులో తగిలించింది. అప్పట్నుంచి కొత్తగా చేరే ప్రతి పిల్ల తల్లికీ, తండ్రికీ అది ఎలా నొక్కాలో మొదటి రోజే నేర్పిస్తోంది. రేపు మీ ఇంటి పిల్ల చేరినా మీకూ నేర్పుతుంది.

ఇది చదివి మీలో కొందరికి ఒళ్ళు మండి ఉండవచ్చు. ఆ అర్జీ ఎక్కడుందో కనుక్కుని సంతకం పెట్టాలని కూడా అనిపించి ఉండవచ్చు. అది పెద్ద సిస్టర్ సొరుగులోనే ఉంది, వేలిముద్ర పక్కన బోలెడంత ఖాళీ ఉంది. అయినా కంగారుపడకండి. చదువుతున్న ఈ కాగితం మడిచి పక్కన పెట్టండి. కాసేపట్లో మీరూ తొలి స్థితికి వచ్చేస్తారు.